వంటింటి గోడకు బోరు మోటరు

మా బోరు మోటరును మా ఆయన దుబాయి నుంచి నడిపేవాడు. వింటే నవ్వొస్తుంది, నవ్వితే నవ్వండి, నాకేం. మా వైపు పొలాల్లో ఇదేం వింత కాదు. స్టార్టర్ పెట్టెలో ఒక సిమ్ కార్డు వేస్తారు. ఆ నంబరుకు ఫోను కొడితే మోటరు మొదలవుతుంది, మళ్లీ కొడితే ఆగుతుంది. "మోటరు ఆన్ అయినది" అని ఒక ఆడగొంతు చెబుతుంది కూడా. మిగతావాళ్లు ఇంట్లో మంచం మీద కూర్చుని ఆ ఫోను కొడతారు, మా ఆయన సముద్రం అవతల నుంచి కొట్టేవాడు. అంతే తేడా.

సెలవు మీద వచ్చి, మళ్లీ పోయే వారంలో హుస్నాబాదు నుంచి మెకానిక్‌ను పిలిపించి ఆ పెట్టె పెట్టించాడు. అందులో తన నంబరు ఒక్కటే ఎక్కించుకున్నాడు.

"నాది గూడ ఎక్కియ్యరాదు?" అన్నాను.

"నువ్వు ఈడనే ఉంటవు గదనే. నీకెందుకు ఫోను?"

పెట్టెకు చిన్న తాళం వేసి, తాళంచెవి బట్టల బ్యాగులో పడేసుకున్నాడు. బోరు ఇక్కడ, తాళంచెవి దుబాయిలో! ఇంత తెలివి ఎవరికుంటుంది చెప్పండి. నోటిదాకా వచ్చింది కానీ, మర్నాడు పోయే మనిషిని ఏమంటాం అని ఊరుకున్నాను.

బస్టాండులో బ్యాగు పైకి ఎక్కించాక నా దగ్గరికి వచ్చాడు. "ఇగో, ఇను. ఇప్పటికే రెండు బోర్లు ఎండినయ్. గిది పోస్తే రెండేండ్లకు వచ్చేస్త, మళ్ల పోను. గిది గూడ ఎండితే ఈడికొచ్చి మట్టి బుక్కాల్నా? ఆడనే ఉంట." అనేసి ఎక్కాడు, బస్సు కదిలింది. ఆ రోజు నుంచి ఆ బోరును చూస్తే నాకు నీళ్లు గుర్తుకు రాలేదు. అది పోస్తే ఆయన ఇంటికి వస్తాడు, ఎండితే రాడు. నాకు అర్థమైంది ఇదొక్కటే.

మా ఊళ్లో వాళ్లకు కరెంటు అంటే వాన లాంటిది, పైనుంచి పడుతుంది అనుకుంటారు. పొలాలకు ఇరవై నాలుగు గంటలూ వస్తుంది, బిల్లు లేదు. బిల్లు లేనిదాన్ని పొదుపు చేయమంటే ఎవడు వింటాడు? నేను మాత్రం కరెంటు పుట్టే చోట పుట్టాను. మా తల్లిగారి ఊరు గోదావరి వైపు, బొగ్గు కాల్చి కరెంటు తీసే చిమ్నీల కింద. మా అవ్వ బియ్యం ఆరబోస్తే పైన బట్ట కప్పేది, లేకపోతే సాయంత్రానికి బూడిద. ఆదివారం చర్చికి కట్టుకోవాల్సిన తెల్లచీరను శనివారం రెండుసార్లు ఉతికేది. ఆ బూడిదను నీళ్లతో కలిపి వదలడానికి చెరువంత గుంట కావాలని మా బాపు దున్నుకునే మెట్ట చెలకను ప్లాంటువాళ్లు తీసుకున్నారు. ఇంకో చిమ్నీ లేస్తుందట అని విన్నప్పుడల్లా అవ్వ, "ఎవలింట్ల ఏం ఎలుగుతుందో గని, మన నెత్తినే పడుతుంది" అనేది. అందుకే మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాను చూసినా, పట్టపగలు వెలిగే వీధి లైటు చూసినా నాకు ఒళ్లు మండిపోతుంది. మా ఆయన దీన్ని నా పిచ్చి అనేవాడు. ఆయన అక్కడ చేసే పనేమిటో తెలుసా? పెద్ద పెద్ద భవనాల్లో చల్లగాలి పోయే గొట్టాలకు, చల్లదనం వృథా కాకుండా, దూదిలాంటి మందపాటి పట్టీ చుట్టడం. వాళ్ల చలువ పిసరంత పోకుండా కాపాడే మనిషి, తన పొలంలో నీళ్లనూ కరెంటునూ ఇలా కుమ్మరిస్తాడా!

మొదట్లో పొద్దున ఒకసారి కొట్టేవాడు. తర్వాత మధ్యాహ్నం తన అన్నం వేళ ఇంకోసారి. ఆ తర్వాత ఇక వేళాపాళా లేదు. వరిమడి నిండి, గట్టు దాటి, పక్కనున్న మా బావ పొలంలోకి పారేది. బావ అంటే మా ఆయన అన్న. ఆయనకేం, పుణ్యానికి నీళ్లు. నేను మోకాళ్లలోతు మడిలో నిలబడి "ఆపరాదయ్యా" అని గాలిలోకి తిట్టుకున్నా మోటరు ఆగదు కదా. ఫోను చేస్తే పనిలో ఉంటాడు, ఎత్తడు.

ఎండలు ముదిరేసరికి బోరు దగ్గడం మొదలుపెట్టింది. పైపు నిండా వచ్చే నీళ్లు సగమయ్యాయి. మధ్యమధ్య గాలి, ఆ వెనక బుడబుడమని ఎర్రటి మట్టినీళ్లు. మొదటి రెండు బోర్లూ చచ్చేముందు ఇలాగే చేశాయి.

ఆ వారమే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. కాలక ఏం చేస్తుంది? మా ఊళ్లో ప్రతి మోటరుకూ ఆటో స్టార్టర్ ఉంది. అంటే కరెంటు పోయి వస్తే చాలు, మనిషి లేకపోయినా మోటరు తనంతట తనే లేస్తుంది. మోటర్లన్నీ ఒక్కసారి లేస్తే అది ఎంతని మోస్తుంది! లైన్‌మన్ వచ్చి అందరినీ బతిమాలాడు. "గా ఆటోలు తీసెయ్యుండ్రి. కెపాసిటర్లు పెట్టుకోండ్రి, మోటరు తక్కువ కరెంటు గుంజుతది. మీరు ఎంత మిగిలిస్తే గంత కొత్తగ తయారు జేసినట్టే గదా." అందరూ బుద్ధిగా తలలూపారు. లైన్‌మన్ బండి మలుపు తిరగగానే ఆటో పెట్టెలు కనపడకుండా వాటి మీద గోనెసంచులు కప్పారు. అందరికంటే ముందు కప్పింది మా బావ. నాకు మాత్రం ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. మిగిలిస్తే తయారు చేసినట్టే అయితే, మా బాపు చెలక తీసుకునేముందు ఈ ముక్క ఎవరికీ తోచలేదా?

ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేసి కరెంటు ఇచ్చాక, మా మోటరు ఫ్యూజు పీకి చూశాను. పది నిమిషాల్లో బావ వచ్చాడు. "ఏమ్మా, కరెంటు లేదని పెట్టె చెప్తుందట. తమ్ముడు పరేషాన్ అయితుండు" అంటూ తనే ఫ్యూజు బిగించి పోయాడు. మర్నాడు మళ్లీ పీకాను. ఈసారి ఆయన గొంతు మారింది. "వాడు ఆడ ఎండల సస్తుంటే నువ్వు ఈడ ఆటలాడుతున్నవా?" అన్నాడు. బోరు ఎండిపోతోందని చెప్పాను, వినలేదు. నీళ్లు పారేది ఆయన మడిలోకి, ఎందుకు వింటాడు?

ఆ శుక్రవారం, మా ఆయనకు సెలవు రోజు, ఫోనులో దులిపేద్దామని కూర్చున్నాను.

"నీకు దండం పెడత, మోటరు బంద్ జేయ్. పైపుల గాలొస్తుంది. బోరు పోతుంది."

"ఎండకాలం గట్లనే వస్తదే."

"ఎండితే రానంటివి. ఇప్పుడు నీ చేతులతోనే ఎండవెడుతున్నవ్. ఇంటికొచ్చుడు ఇష్టం లేదా నీకు? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఆయన మెల్లగా అన్నాడు. "ఈడ పొద్దున లేస్తే ప్రతోడూ నాకు చెప్పెటోడే. లే, బండెక్కు, దిగు, తిను, పండు. పాస్‌పోర్టు ఆళ్ల బీరువల ఉన్నది. దునియాల నా మాట వినేది గా మోటరు ఒక్కటే. కొడితే ఆన్ అయిన అంటది. గంతసేపు మన మడికాడ ఉన్నట్టుంటది."

దులిపేద్దామని కూర్చున్నదాన్ని, మంచిగుండు అని చెప్పి ఫోను పెట్టేశాను. ఆ మోటరును లాక్కుంటే ఆయనకు అక్కడ ఇంకేమీ మిగలదు. లాక్కోకపోతే బోరు పోతుంది, బోరు పోతే ఆయన రాడు. ఎటు తిరిగినా తలుపు మూసే ఉంది. మూడు రోజులు అన్నం ముందు ప్రార్థనకు కళ్లు మూసినా మోటరు చప్పుడే వినపడింది.

నాలుగో రోజు హుస్నాబాదు బస్సెక్కాను. ఆ పెట్టె బిగించిన మెకానిక్ ముసలాయన, అందరూ చాచా అంటారు. ఆయన కూడా సౌదీలో ఏళ్లకేళ్లు చేసి వచ్చినవాడే. మొత్తం చెప్పాను. "ఆయన ఫోను కొడితే పెట్టె ఆన్ అయిన అని చెప్పాలె చాచా. గని మోటరు నడవద్దు" అన్నాను.

చాచా కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు. "మోటరుకు బదులు ఏదన్న తగిలియ్యాలె బిడ్డా. ఏం తగిలియ్యమంటవ్?"

షాపులో పైనుంచి ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు వేలాడుతోంది. దాన్ని చూపించాను. చాచా నవ్వాడు, వెంటనే నవ్వు ఆపాడు. "ఆడ ఉన్నోని సంగతి నాకెరికే. ఇట్ల జేసుడు మంచిగనిపిస్తలేదు. జర సోచాయించు."

"మూడు దినాల సంది అదే పని మీదున్న చాచా" అన్నాను.

మర్నాడు వచ్చి సుత్తితో తాళం పగలగొట్టాడు. పెట్టెను ఊడదీసి, వంటింట్లో పొయ్యి పక్క గోడకు బిగించి, లోపల వైర్లేవో మార్చి ఇంటి కరెంటుతో నడిచేలా చేశాడు. దానికి ఆ బల్బు తగిలించాడు. బోరు దగ్గర ఉత్త స్టార్టర్ పెట్టాడు, పచ్చ బటన్, ఎర్ర బటన్, పక్కన ఒక కెపాసిటర్. నీళ్లు కావాలంటే నేను నడిచిపోయి నొక్కాలి, చాలనుకుంటే నేనే ఆపాలి. కొత్త స్టార్టర్ మీద నేనూ ఒక గోనెసంచి కప్పాను. ఊరంతా కప్పేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ మధ్యాహ్నం, ఆయన అన్నం వేళకు, పొయ్యి పక్కన బల్బు వెలిగింది. పొలంలో అయిదు హెచ్‌పీ మోటరు గర్జించాల్సిన వేళ, నా వంటింట్లో చిన్న బల్బు చప్పుడు లేకుండా వెలుగుతోంది. గంటకు ఆరింది. సాయంత్రం ఫోను చేసి, "నీళ్లు మంచిగ వచ్చినయా?" అన్నాడు. "మంచిగ వచ్చినయ్" అన్నాను. అబద్ధం ఇంత సులువుగా వస్తుందా అని నాకే ఆశ్చర్యమేసింది.

తర్వాతి పంటకు వరి అర ఎకరంతో సరిపెట్టి మిగతాదంతా మక్కజొన్న వేశాను. మక్క పెట్టిన అని ఆయనకూ చెప్పాను, మక్కకు ఇన్నిసార్లు నీళ్లెందుకని ఆయన అడగనూ లేదు, ఫోను కొట్టడం తగ్గించనూ లేదు. నేను మాత్రం మట్టిలోకి వేలు పొడిచి చూసి, లోపల తడి లేకపోతేనే పచ్చ బటన్ నొక్కేదాన్ని. అదీ పొద్దున్నే, ఎండ ఎక్కకముందు. ఇంతకుముందు రోజంతా మోగిన మోటరు ఇప్పుడు రోజు విడిచి రోజు, అదీ కాసేపే. కొన్నాళ్లకు పైపులో గాలి తగ్గింది. వానలు పడ్డాక నీళ్లు నిండుగా దూకాయి. ఎంత సంతోషమో! కానీ ఎవరికి చెప్పుకోను? బావ గట్టు మీదికి వచ్చి "ఇటు నీళ్లొస్తలేవేంది?" అన్నాడు. "మీ తమ్ముడే తక్కువ నడుపుతుండు బావ" అన్నాను. "పోనీ, గిప్పటికన్న సమజైంది వానికి" అని మెచ్చుకుని పోయాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒకరోజు లైన్‌మన్ తనిఖీకి వచ్చి నా గోనెసంచి ఎత్తేశాడు. ఎత్తి అలాగే నిలబడిపోయాడు. "ఏందక్కా ఇది! అందరు ఆటో పెట్టి కప్పుతరు, నువ్వు తీసేసి కప్పినవా?" రేపు పంచాయతీ కాడ అందరి ముందూ నా సంగతి చెప్తానన్నాడు. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "నీకు పుణ్యముంటది అన్నా, నా ముచ్చటే ఎత్తకు." తప్పు చేసినవాళ్లు దాక్కుంటారు, నేను మంచిపని చేసి దాక్కున్నాను.

దాక్కోవడం అంటే మాటలు కాదు. వంటింట్లోకి మనిషిని రానివ్వకూడదు. తోడికోడలు కూరకని గిన్నె పట్టుకు వస్తే గడపలోనే ఆపి, గిన్నె నేనే లోపలికి పట్టుకుపోయేదాన్ని. గర్వం పెరిగిందని ఊరంతా చెప్పుకుంది, చెప్పుకోనీ. తల్లిగారింటికి పోయి ఒక్క రాత్రి ఉండలేదు, నేను లేనప్పుడు ఎవరైనా తలుపు తీస్తే? చర్చిలో అయ్యగారు అబద్ధం గురించి మాట్లాడిన ప్రతిసారీ నా వైపే చూస్తున్నట్టుండేది. ఆయన ఒకచోట, నేను ఒకచోట, ఇద్దరం బందీలమే.

కానీ ఒకటి. ఆ బల్బు నాకు ఆయన సంగతులు చెప్పేది. అన్నం వేళ ఒకసారి వెలిగితే బాగున్నట్టు. వెలిగి, ఆరి, మళ్లీ వెంటనే వెలిగితే ఎవడో ఏదో అన్నాడన్నట్టు. సాయంత్రం ఫోనులో "మంచిగనే ఉన్న" అనేవాడు, బల్బు చెప్పింది వేరేలా ఉండేది. నేను బల్బునే నమ్మేదాన్ని. అది వెలగ్గానే "తిన్నవా?" అని దాన్ని అడిగేదాన్ని కూడా. నవ్వండి మళ్లీ.

రెండో ఏడు ఎండాకాలంలో ఒకరోజు బల్బు వెలగలేదు. సాయంత్రం వేరే నంబరు నుంచి ఫోను వచ్చింది. "దోస్తు ఫోను ఇది. నా ఫోనుల మాట వినవస్తలేదు. మోటరు మాత్రం రోజు లెక్కనే నడిపిన, నీళ్లొచ్చినయా?"

పొయ్యి పక్కన బల్బు చీకటిగా ఉంది. పొద్దుటి నుంచి ఒక్కసారీ వెలగలేదు. ఆయన అబద్ధమాడుతున్నాడు. ఆ మాట అనడానికి నాకు నోరేదీ? రాలేదంటే పెట్టె చూడమని బావను పంపిస్తాడు, లేదా మెకానిక్‌ను పంపిస్తాడు, కథ వంటింటికి చేరుతుంది. "వచ్చినయ్" అన్నాను. "పానం మంచిగుందా?" అని అడిగాను. బాగుందన్నాడు.

అలా తొమ్మిది రోజులు. రోజూ బల్బు వైపు చూస్తూ కూర్చోవడం, రెండు మూడు రోజులకు ఒకసారి దోస్తు ఫోను రావడం, నడిపిన అని ఆయన, వచ్చినయ్ అని నేను. పానం మంచిగుందా అని మూడుసార్లూ అడిగాను. ఆస్పత్రిలో ఉన్నాడో, జైల్లో ఉన్నాడో, పైనుంచి పడ్డాడో. అడిగితే నా దొంగతనం బయటపడుతుంది, అడగకపోతే గుండె పగిలేలా ఉంది. నా అబద్ధం నా నోటికే తాళం వేసింది.

పదో రోజు మధ్యాహ్నం బల్బు వెలిగింది. చేతిలో గిన్నె పడేసి గోడకు తల ఆనించి ఏడ్చాను.

రెండేళ్లు నిండేముందు ఫోను చేసి, "వచ్చేస్తున్న. ఇంక పోను" అన్నాడు. ఎన్నాళ్లుగా ఎదురుచూసిన మాటో! విన్న మరుక్షణం భయం పట్టుకుంది. చాచాను పిలిచి పెట్టెను మళ్లీ బోరుకు పెట్టించేయొచ్చు, ఏమీ జరగనట్టు ఉండొచ్చు. రెండుసార్లు బస్టాండుదాకా పోయి వెనక్కి వచ్చాను. ఇక అబద్ధమాడే ఓపిక లేదు నాకు.

వచ్చిన పొద్దున, బ్యాగు గడపలో పెట్టి, కాళ్లైనా కడగకుండా పొలం వైపు నడిచాడు. చిక్కిపోయాడు, మెడ నల్లబడింది. వెనకే నేను. బోరు దగ్గర గోనెసంచి ఎత్తాడు. పచ్చ బటన్, ఎర్ర బటన్. పచ్చ బటన్ నొక్కాడు, నీళ్లు పైపు నిండా దూకాయి. దోసిట్లో పట్టి మొహం కడుక్కున్నాడు, తాగాడు. తర్వాత తనే ఎర్ర బటన్ నొక్కి, "మక్క తడిగనే ఉన్నది" అన్నాడు. "పెట్టె ఏడ పెట్టినవ్?"

"వంటింట్ల."

ఇంటికి వచ్చి బల్బు ఎదుట పీట వేసుకుని కూర్చున్నాడు. జేబులోంచి ఫోను తీసి కొట్టాడు. "మోటరు ఆన్ అయినది" అంది ఆడగొంతు. బల్బు వెలిగింది. నేను చాయ పెడుతూ అటు తిరగలేదు.

"తిట్టు," అన్నాను. "మోసం జేసిన, తిట్టు."

"నాకు ఎన్నడో తెల్సు."

గిర్రున తిరిగాను.

"గా తొమ్మిది దినాలు నా తాన ఫోనే లేదే. మిట్టమధ్యాహ్నం ఎండల పనికి పోము అని అందరం కూసున్నం. కంపెనోళ్లు మా ఫోన్లు గుంజుకున్నరు, వేరే కంపెనీల ఉన్న దోస్తు ఫోను అడుక్కొని నీకు చేసిన. నువ్వు ఫికర్ చేస్తవని నడుపుతున్న అన్న. నువ్వేమో నీళ్లొచ్చినయ్ అంటివి. కొట్టని ఫోనుకు నీళ్లెట్ల వస్తయే?"

ఇన్నాళ్లూ ఆయన్ని నేను పట్టుకున్నాననుకున్నాను.

"కోపం రాలేదా?"

"గా దినం వచ్చింది. మర్నాడు సోచాయించిన. నువ్వు మోటరు బంద్ వెట్టినవంటే బోరు బతికే ఉన్నది. బోరు ఉంటే నాకు ఆడ ఏం పని? గప్పుడే ఖరారు జేసుకున్న, ఇంటికే అని."

"మరి తెల్సినంక మళ్ల ఎందుకు కొట్టినవ్? ఫోను చేతికి రాంగనే కొట్టినవ్. రోజూ కొట్టినవ్."

ఆయన బల్బు వైపు చూస్తూ అన్నాడు. "మూడుసార్లు అడిగినవ్, పానం మంచిగుందా అని. ఏందో తెల్వది గని, నేను కొడితే నీకు ఎట్లనో తెలుస్తుంది అనుకున్న. కొట్టకుంటే భయపడుతవని కొట్టిన."

చాయ పొంగి పొయ్యి మీద పోయింది. ఆయనే లేచి గ్యాసు బంద్ చేశాడు. మళ్లీ ఫోను తీసి బల్బు కూడా ఆర్పబోయాడు. పట్టపగలు లైటు వెలిగితే ఒళ్లు మండే మనిషిని, ఆయన చెయ్యి పట్టుకుని, "ఉండనీ" అన్నాను.